ఒక్క గుహ గబ్బిలం, ఒక్క చెరువు బాతు

శ్రీను: అందరికీ నమస్కారం, ఒంగోలు నుంచి శ్రీను. నెల్లూరు నుంచి సుజాత లైన్లో ఉంది. ఏం సుజాతా, గబ్బిలానికీ బాతుకీ పోలికేంటి?

సుజాత: రెండూ చివరికి ఒక్కో చోటే మిగిలాయి అన్నా. గబ్బిలమంటే అన్ని గబ్బిలాలూ కాదు, కోలార్ లీఫ్-నోస్డ్ బ్యాట్ అనే ఒక జాతి. అది మన పక్కనే, కర్ణాటకలో కోలారు జిల్లా హనుమనహళ్ళి దగ్గర గుహలో ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ఉన్నవి రెండొందల లోపే. బాతు మడగాస్కర్‌ది, పేరు మడగాస్కర్ పోచార్డ్. 1991లో ఒక్కటి దొరికాక పదిహేనేళ్ళు జాడే లేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 2006లో వేరే పక్షిని వెతుక్కుంటూ పోయినవాళ్ళకి ఓ మారుమూల చెరువులో ఇవి కనబడ్డాయి.

శ్రీను: మరి గబ్బిలానికి ఏమొచ్చింది?

సుజాత: గ్రానైట్ క్వారీలు.

శ్రీను: అయ్యో. చీమకుర్తిలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి, గచ్చు మీద పొడి ఎంత ఉండేదంటే కాలితో గీస్తే గీత పడేది. మనమంటే చెవులు మూసుకుంటాం, చెవులతోనే దారి వెతుక్కునే ప్రాణి ఏం చేస్తుంది?

సుజాత: కోలారు జిల్లాలోనే తేరహళ్ళిలో కూడా ఈ గబ్బిలాలు ఉండేవి అన్నా, ఇప్పుడు లేవు. బాతు సంగతి వేరు. కొండల మీద చెట్లు కొట్టేస్తే మట్టి వచ్చి అవి ముందు ఉండిన అలావోట్రా సరస్సులో చేరింది, వరి మళ్ళు పెరిగాయి, బయట నుంచి తెచ్చి వదిలిన తిలాపియా చేపలు ఆ సరస్సు రూపమే మార్చేశాయి. కానీ దానికి గుడ్లున్నాయి! 2009లో గుడ్లు తీసుకొచ్చి పొదిగించి పిల్లల్ని పెంచారు, 2018లో 21 బాతుల్ని మడగాస్కర్‌లోనే ఉన్న సోఫియా సరస్సులో వదిలారు. ముందు కొన్నాళ్ళు నీళ్ళ మీద తేలే పంజరాల్లో ఉంచి అలవాటు చేశారు, మన చేపల చెరువుల వాళ్ళకి చెబితే ఇట్టే అర్థమవుతుంది.

శ్రీను: గబ్బిలాన్నీ అలా పెంచొచ్చు కదా?

సుజాత: అది గుడ్డు పెట్టదుగా అన్నా. ఈ రకం గబ్బిలాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి, అదీ తల్లిపాలు తాగి పెరగాలి. అందుకే ఆ గుహే దానికి దిక్కు.

శ్రీను: రాయి మీద బతికే ఇళ్ళు మా వైపు ఎన్నో ఉన్నాయి, ఆ పనిని నేను తప్పుపట్టను. కానీ రాయి ఇంకో గుట్టలో దొరుకుతుంది కదా, ఆ ఒక్క గుట్టనీ వదిలేయమనండి.

సుజాత: గుహ చుట్టూ క్వారీ పని ఆపించారు అన్నా.

శ్రీను: హమ్మయ్య, ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా.