డప్పు రికార్డింగ్‌తో మూడు ప్లానార్ హెడ్‌ఫోన్ల పరీక్ష: పాటలకు ఏది, గేమింగ్‌కు ఏది?

నమస్తే అండి అందరికీ. ముందు ఒక ఇరవై సెకన్లు నేనేమీ మాట్లాడను. మీ దగ్గర ఏ ఇయర్‌ఫోన్స్ ఉంటే అవి పెట్టుకుని ఇది వినండి.

విన్నారు కదా. పోయిన సద్దుల బతుకమ్మ రోజు, పరకాల దగ్గర మా ఊరి చెరువు గట్టు మీద నేనే రికార్డ్ చేసిన డప్పు ఇది. వాయించేవాళ్ల కుడి చేతిలో లావుపాటి సిర్ర, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర పడితే ఛాతీకి తగిలే దెబ్బ. సిటికెన పుల్ల పడితే టక్కున తెగిపోయే చప్పుడు. రెండూ ఒకే తోలు మీద నుంచి వస్తాయి, కానీ చెవికి వేర్వేరుగా తెలియాలి. మా ఇంట్లో ఉన్న మామూలు ఇయర్‌ఫోన్స్‌లో రెండూ కలిసిపోయి ఒకటే గుడగుడ. అప్పుడే అనుకున్నాను, ఈసారి హెడ్‌ఫోన్ కొంటే దీంతోనే పరీక్షించాలని.

ఈ వీడియోలో మూడు ఓపెన్ బ్యాక్ ప్లానార్ హెడ్‌ఫోన్లు ఉన్నాయి. హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ, ఫియో ఎఫ్‌టీ1 ప్రో, హైఫైమాన్ ఎడిషన్ ఎక్స్‌ఎస్. మొదటిది నా డబ్బులతో కొన్నాను. రెండోది హన్మకొండలో మా ఫ్రెండ్‌ది, నెల రోజులు నా దగ్గరే ఉంది. మూడోది హైదరాబాద్‌లో ఉండే మా కజిన్ రెండు వారాలకు ఇచ్చాడు. కంపెనీలేవీ నాకు పంపలేదు. ఇట్లాంటివి చేత్తో పట్టుకుని, తలకు పెట్టి చూసే షాపు మన వరంగల్‌లో నాకు దొరకలేదు. అందుకే ఈ వీడియో కాస్త ఓపికగా చేస్తున్నా.

ప్లానార్ అంటే ఏంటో చెప్తాను. మామూలు హెడ్‌ఫోన్‌లో ఒక చిన్న గిన్నెలాంటి పొర ఉంటుంది, దాని వెనక సన్నటి తీగ చుట్ట. కరెంటు వచ్చినప్పుడు ఆ చుట్ట కదులుతుంది, పొరను తోస్తుంది. అంటే బలం పడేది పొరలో ఒక్క చోటే. ప్లానార్‌లో తీగ చుట్ట ఉండదు. చాలా పల్చటి, బల్లపరుపు పొర మీద తీగ దారులు అచ్చేసి ఉంటాయి, పక్కనే అయస్కాంతాల వరుస. కరెంటు పారితే పొర మొత్తం ఒకేసారి ముందుకూ వెనక్కూ కదులుతుంది. అందుకే కింది బాస్ బాగా లోతు దాకా, మసక లేకుండా వస్తుంది. ఇది నిన్న మొన్న వచ్చిందేమీ కాదు. యమహా 1976లోనే హెచ్‌పీ-1 అనే మోడల్ ఈ పద్ధతిలో చేసింది. మనలాంటి వాళ్ల చేతికి అందింది మాత్రం ఈ మధ్యే. హెచ్‌ఈ400ఎస్‌ఈ 2021లో 149 డాలర్లకు వచ్చి, తర్వాత 109 దాకా దిగింది. ఎఫ్‌టీ1 ప్రో 2024లో వచ్చింది, అప్పుడు 199 డాలర్లు. ఎడిషన్ ఎక్స్‌ఎస్ మొదట్లో 499, తర్వాత చాలా తగ్గించారు. మన దగ్గర ట్యాక్సులూ ఆఫర్లూ కలిసి రేటు వారం వారం మారుతుంది, కాబట్టి కొనే రోజు ఒకసారి చూసుకోండి.

ఓపెన్ బ్యాక్ అంటే కప్పు వెనక మూత ఉండదు, జాలీ ఉంటుంది. లోపలి శబ్దం బయటికి పోతుంది, బయటిది లోపలికి వస్తుంది. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర. పత్తి సీజన్‌లో పొద్దున నాలుగింటి నుంచే లారీలు మొదలవుతాయి. వీణ కచేరీ పెట్టుకుని కూర్చుంటే మధ్యలో లారీ హారన్ ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. కానీ నాకు అసలు సమస్య లారీలు కాదు, కూలర్. మార్చి చివరి నుంచి జూన్ దాకా మన దగ్గర కూలర్ లేకుండా గదిలో కూర్చోలేం. ఆ కూలర్ మోత సరిగ్గా బాస్ ఉండే చోటే ఉంటుంది. ప్లానార్ ఇచ్చే లోతైన బాస్‌ను అది మింగేస్తుంది. మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే డబ్ల్యూహెచ్‌ఓ, చెప్తుంది. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగం అవుతుంది. ఇంట్లో ఏసీ ఉన్నవాళ్లకు, లేదా రాత్రి పదకొండు దాటాక వినేవాళ్లకు ఓపెన్ బ్యాక్ హాయిగా ఉంటుంది. హాల్లో టీవీ పక్కన, కూలర్ ముందు కూర్చుని వినేవాళ్లయితే దయచేసి ఈ డబ్బుతో కప్పు వెనక మూత ఉండే మంచి క్లోజ్డ్ బ్యాక్ కొనుక్కోండి. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక హెచ్‌ఈ400ఎస్‌ఈ. బరువు 390 గ్రాములు. చెవికి తగిలే చోట గుడ్డ, చుట్టూ రెగ్జిన్ ఉండే ప్యాడ్స్, కాబట్టి చెమట తక్కువ. దీంట్లో డప్పు మొదటిసారి విన్నప్పుడు ఆపి మళ్లీ మొదటి నుంచి పెట్టాను. సిర్ర దెబ్బ పడ్డాక తోలు కాసేపు ఊగుతుంది చూడండి, ఆ ఊగడం ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. ఆ ఊపు మీదే సిటికెన పుల్ల మూడుసార్లు పడింది, మూడూ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. మా పెద్దబాపు పాతికేళ్లు డప్పు కొట్టినాయన. ఆయనకు పెడితే కళ్లు మూసుకుని విని, "రెండో డప్పు సరిగ్గా కాగలేదు బిడ్డా, తోలు ఇంకా వదులుగానే ఉంది" అన్నాడు. డప్పును మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు కదా, దాని సంగతి. ఆ రోజు చినుకులు పడ్డాయి, మంట సరిగ్గా అంటుకోలేదు. ఆయన ఆ రోజు ఊళ్లో లేడు. హెడ్‌ఫోన్‌లో విని చెప్పాడు.

దీంట్లో లోపం కూడా ఉంది. 1,500 నుంచి 2,000 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించి ఉంటుంది. హైఫైమాన్ మోడల్స్ చాలావాటిలో ఈ గుణం ఉంది. దాని వల్ల పాడేవాళ్ల గొంతు ఒక అడుగు వెనక నిలబడినట్టు అనిపిస్తుంది. వాద్యాలకు బాగుంటుంది, గది పెద్దదైనట్టు ఉంటుంది. కానీ పాత తెలుగు పాటల్లో గొంతు ముందుకు రావాలి, అక్కడ నాకు కొంచెం వెలితిగా ఉంది.

రెండో లోపం పవర్. దీని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందనేది, 91 డెసిబెల్స్. ఇంపీడెన్స్, అంటే కరెంటుకు ఇచ్చే అడ్డు, 25 ఓమ్‌లు. శబ్దం ఇంకో 10 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ పది రెట్లు కావాలి, అందుకే సెన్సిటివిటీ 91 ఉన్న హెడ్‌ఫోన్‌కూ 97 ఉన్నదానికీ తేడా కాగితం మీద కనిపించేంత చిన్నది కాదు. నా పాత డాంగిల్‌లో, అంటే ఫోన్‌కు గుచ్చి హెడ్‌ఫోన్ కలిపే చిన్న ముక్కలో, వాల్యూమ్ చివరికంటా పెట్టినా శాస్త్రీయ సంగీతం రికార్డింగ్‌లు ఇంకొంచెం పెరిగితే బాగుండు అనిపించేవి. కాస్త పవర్ ఉన్న డాంగిల్ డ్యాక్‌కు (డిజిటల్ సిగ్నల్‌ను శబ్దంగా మార్చేది) మారాక ఆ బాధ పోయింది. ఇంకో సంగతి, యాపిల్ టైప్-సీ డాంగిల్ చవక, మంచిది, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని వాల్యూమ్ తక్కువ దగ్గరే ఆగిపోతుంది. డాంగిల్ ఖర్చు కూడా లెక్కలో వేసుకుని రేటు పోల్చండి.

ఎఫ్‌టీ1 ప్రో దగ్గర ఈ టెన్షన్ తక్కువ. 20 ఓమ్‌లు, చిన్న డాంగిల్‌తోనే ధాటిగా మోగుతుంది. పెట్టెలోనే మామూలు 3.5 ఎంఎం జాక్ కేబుల్, కుడి ఎడమలకు విడివిడి దారులుండే 4.4 ఎంఎం బ్యాలెన్స్డ్ కేబుల్ రెండూ ఇస్తారు. గొంతు హెచ్‌ఈ400ఎస్‌ఈ కంటే దగ్గరగా, నిండుగా ఉంటుంది. సిర్ర దెబ్బలో బరువు ఎక్కువ. సిటికెన పుల్ల కొంచెం పదును తేలింది, తాళాలు ఎక్కువున్న పాటల్లో ఎప్పుడైనా చురుక్కుమంటుంది. విశాలం మాత్రం తక్కువ, అంతా తలకు దగ్గరలోనే జరుగుతుంది. సినిమా పాటలే ఎక్కువ వినేవాళ్లయితే నేను దీని వైపే చూపిస్తాను.

ఎడిషన్ ఎక్స్‌ఎస్ 405 గ్రాములు, 18 ఓమ్‌లు, కోడిగుడ్డు ఆకారం కప్పులు. విశాలంలో మిగతా రెండూ దీని దరిదాపుల్లోకి రావు. చెరువు గట్టు మీద జనం మాటలు కూడా దూరం దూరంగా వినిపించాయి. కానీ హెడ్‌బ్యాండ్ చాలా పెద్దది, కప్పులు పక్కకు తిరగవు. నా తలకు చెవి కింద సందు మిగిలింది, సందు ఉంటే బాస్ జారిపోతుంది. మా చెల్లికైతే అసలు నిలవలేదు. తల పెద్దగా ఉన్నవాళ్లే దీని గురించి ఆలోచించండి. మూన్‌డ్రాప్ పారా అనే ఇంకో ప్లానార్ గురించి కామెంట్స్‌లో చాలామంది అడిగారు. అది 530 గ్రాములు, 8 ఓమ్‌లు. గంటల తరబడి గేమ్ ఆడేవాళ్ల మెడకు అంత బరువు నేను చెప్పలేను.

గేమింగ్‌కు వద్దాం. మా తమ్ముడు కంప్యూటర్‌లో వాలరెంట్, ఫోన్‌లో బీజీఎంఐ ఆడతాడు. ఈ నెలంతా వాడే నా టెస్టర్. వాడు మొదటి రోజే హెచ్‌ఈ400ఎస్‌ఈ పెట్టుకుని, "అన్నా, అడుగులు వినిపిస్తున్నాయి కానీ పైనా కిందా తెలుస్తలేదు" అన్నాడు. తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు. వైపు చూపించే పని ఎక్కువగా గేమ్ లోపలే జరుగుతుంది. వాలరెంట్ ఆడియో సెట్టింగ్స్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది, శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవికి తెలిసేలా చేసే సెట్టింగ్. అది ఆన్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే కంప్యూటర్‌లో ఉండే విండోస్ సోనిక్ లాంటి సరౌండ్ సెట్టింగ్‌లన్నీ ఆఫ్ చేయాలి. రెండూ కలిస్తే శబ్దం గజిబిజి అయిపోతుంది. వాడికి రెండూ ఆన్‌లో ఉన్నాయి. సరిచేశాక మెట్ల మీద నుంచి దిగేవాడిని చూడకుండానే చెప్పాడు.

ఆ తర్వాత పోల్చి చూస్తే, అడుగులు ఎంత దూరంలో ఉన్నాయో ఎడిషన్ ఎక్స్‌ఎస్‌లో బాగా తెలిసింది. ఎఫ్‌టీ1 ప్రోలో దూరం కొంచెం కుదించుకుపోయింది, కానీ కాల్పుల మధ్య టీమ్ వాళ్ల గొంతు తేటగా ఉంది. తమ్ముడు రోజూ చేతిలోకి తీసుకున్నది మాత్రం హెచ్‌ఈ400ఎస్‌ఈ. బ్లూటూత్ కాకుండా వైరు కాబట్టి బీజీఎంఐలో తుపాకీ పేలడానికీ చప్పుడుకూ మధ్య ఆలస్యం ఉండదు. ఓపెన్ బ్యాక్‌లో తన గొంతు తనకు మామూలుగా వినిపిస్తుంది కాబట్టి అరవడం తగ్గింది. అమ్మ అన్నానికి పిలిస్తే పలుకుతున్నాడు.

వీటిలో దేనికీ మైక్ లేదు, విడిగా కొనాలి. రెండు కప్పులకూ విడివిడిగా వైరు వెళ్తుంది కాబట్టి ఒకే జాక్‌లో గుచ్చే బూమ్ మైకులు, అంటే నోటి ముందుకు వచ్చే కాడ మైకులు, సరిపోవు. తమ్ముడు కాలర్‌కు పెట్టుకునే చిన్న మైక్ వాడుతున్నాడు. వాల్యూమ్ బాగా పెడితే జాలీలోంచి బయటికొచ్చే శబ్దం ఆ మైక్‌లో పడి అవతలి వాళ్లకు వినిపిస్తుంది, చూసుకోండి.

నాకు జరిగింది ఒకటి చెప్పాలి. నాకు మొదట వచ్చిన పీస్‌లో ఎడమ వైపు శబ్దం తక్కువ. నాలుగు రోజులు నా చెవిలోనే ఏదో తేడా ఉందనుకుని భయపడ్డాను. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఆన్ చేసి ఒక మాటల రికార్డింగ్ పెట్టాను. గొంతు సరిగ్గా తల మధ్యలో ఉండాలి, అది కుడి వైపు జరిగి ఉంది. అప్పుడు కేబుల్‌లో ఎడమ పిన్ను కుడికి, కుడి పిన్ను ఎడమకు మార్చి గుచ్చాను. శబ్దం తక్కువున్న వైపు మారితే లోపం కేబుల్‌దో ఫోన్‌దో. మారకపోతే హెడ్‌ఫోన్ లోపల శబ్దం చేసే డ్రైవర్‌ది. నాది మారలేదు. అమ్మినవాళ్లు మొదట ఒప్పుకోలేదు. ఈ పరీక్ష మొత్తం వీడియో తీసి పంపాక, పందొమ్మిది రోజులకు వేరే పీస్ ఇచ్చారు. పార్సిల్ రాగానే అదే రోజు ఈ పరీక్ష చేయండి, పెట్టె విప్పడం నుంచే వీడియో తీయండి.

శబ్దంలో ఒక్కో భాగాన్ని పెంచి తగ్గించే ఈక్వలైజర్ సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ప్లానార్‌కు ఇది నిజంగా కలిసొస్తుంది. నేను వాడే యాప్‌లు కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఫోన్‌లో వేవ్‌లెట్. హెచ్‌ఈ400ఎస్‌ఈకి 1,800 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచాను, 100 హెర్ట్జ్ కింద 4 పెంచాను. వెనక నిలబడిన గొంతు ముందుకొచ్చింది. బాస్ పెంచినా పగలలేదు. ఒక్కటి మర్చిపోకండి, ఎంత పెంచారో అంత ప్రీయాంప్‌లో, అంటే ఆ యాప్‌లో మొత్తం శబ్దాన్ని మార్చే చోట, తగ్గించాలి, లేకపోతే గట్టి శబ్దాల దగ్గర గరగర వస్తుంది.

శుభ్రం చేసేది ఇట్లా. కెమెరా దగ్గరికి పెడుతున్నా, ఈ జాలీ చూడండి. ఈ తెల్లటి నూగు పత్తిది, మూడు వారాల్లో పట్టింది. మెత్తటి బ్రష్‌తో, జాలీ కిందికి చూసేలా పట్టుకుని, పైపైన దులపండి. బ్లోయర్ పెట్టొద్దు, గట్టిగా ఊదొద్దు. లోపలి పొర అంత గాలికి తట్టుకోదు. తలకు పెట్టుకునేటప్పుడు కూడా కప్పులను చెవి మీద టపీమని వదలొద్దు, అదే కారణం. ఇనుప పిన్నులు, స్క్రూలు ఉన్న డబ్బాలో వేయొద్దు, అయస్కాంతాలు బాగా బలంగా ఉంటాయి.

డప్పు ఫైల్ కంప్రెస్ చేయకుండా డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఒక నిమిషం దాటాక ఇంకో డప్పు దూరం నుంచి వచ్చి కలుస్తుంది. మీ హెడ్‌ఫోన్‌లో అది ఏ వైపు నుంచి వచ్చింది, ఎన్ని దెబ్బల తర్వాత మొదటి డప్పు పక్కకు చేరింది, మోడల్ పేరుతో కామెంట్‌లో రాయండి.