ముందు సబ్జెక్టు, తర్వాతే యూనివర్సిటీ: అమెరికా నుంచి బ్రిటన్‌కి డిగ్రీకి వెళ్దామనుకునే మన పిల్లలకి

అందరికీ నమస్కారమండి. శనివారం పొద్దున్నే లైబ్రరీకి ఇంతమంది రావడం చాలా సంతోషం. పిల్లలంతా వెనక కూర్చున్నారు, కాస్త ముందుకి రండమ్మా, ఇవాళ మాట్లాడేది ఎక్కువ మీ గురించే, అమ్మానాన్నలకి చెప్పాల్సినవి మధ్యలో చెప్తాను.

అమెరికా నుంచి యూకేకి డిగ్రీకి అప్లై చేసే పిల్లలు ఈ మధ్య బాగా పెరిగారు. అక్కడ దాదాపు అన్ని యూనివర్సిటీలకీ కలిపి ఒకటే అప్లికేషన్, దాన్ని యూకాస్ అంటారు, 2025 జూన్ చివరికి అమెరికా నుంచి దాదాపు 8 వేలమంది దాని ద్వారా అప్లై చేశారు, అప్పటిదాకా అంతమంది ఎప్పుడూ లేరు. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే టాపిక్, మూడేళ్ళలో అయిపోతుందంట, ఇక్కడికంటే చవకంట, క్లబ్బులూ వాలంటీరింగూ ఏమీ చూడరంట, ఇక్కడి పేరున్న ఐవీ లీగ్ కాలేజీల్లో రాకపోతే ఆక్స్‌ఫర్డ్‌కి ట్రై చేద్దాం అంట. ఇవి పూర్తిగా అబద్ధాలు కావు గానీ వీటిని నమ్ముకుని మాత్రం నిర్ణయం తీసుకోకండి. పిల్లాడికి ఏ సబ్జెక్టు ఇష్టమో తేలకుండా యూకే గురించి ఆలోచించడం మొదలుపెట్టకూడదు, ఇది నేను చాలా గట్టిగా నమ్ముతాను.

ఎందుకంటే అక్కడ సీటు వచ్చేది కోర్సులో. ఎకనామిక్స్‌కి అప్లై చేస్తే ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు చూస్తారు, మొదటి రోజు నుంచి ఎకనామిక్స్, దానికి కావాల్సిన మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, అంతే. మధ్యలో మనసు మారితే ఒక్కోసారి పక్క కోర్సుకి మారనిస్తారు, చాలాసార్లు మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టమంటారు. అమ్మానాన్నలకి ఇది కొత్తేం కాదు, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీతో పాటు బ్రాంచ్ కూడా అప్పుడే పెట్టేశాం కదా, మెకానికల్‌లో చేరి రెండో ఏడు హిస్టరీ చదువుతానంటే ఎవరు ఒప్పుకున్నారు. కానీ ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి ఇది కొత్త, వాళ్ళ ఫ్రెండ్సంతా అన్‌డిసైడెడ్ అని రాసి కాలేజీలో చేరి రెండేళ్ళు అన్నీ రుచి చూసి అప్పుడు మేజర్ చెప్తారు. అలా రుచి చూడాలనుకునే పిల్లలు ఇక్కడే ఉండటం మంచిది, అందులో తప్పేమీ లేదు, పదిహేడేళ్ళకి తేలకపోవడం చాలా మామూలు.

స్కాట్లాండ్ కొంచెం వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లో మామూలుగా మూడేళ్ళ డిగ్రీ అయితే స్కాట్లాండ్‌లో నాలుగేళ్ళు, ఎడిన్‌బరా, గ్లాస్గో, సెయింట్ ఆండ్రూస్ లాంటి చోట్ల మొదటి రెండేళ్ళలో మెయిన్ సబ్జెక్టుతో పాటు ఇంకో ఒకటి రెండు సబ్జెక్టులు చదవనిస్తారు. సెయింట్ ఆండ్రూస్ 1413లో పెట్టిన యూనివర్సిటీ, అమెరికా పిల్లలు అక్కడ ఎప్పట్నుంచో ఎక్కువ, ఇక్కడి కాలేజీలకి వాడే కామన్ యాప్‌లో కూడా అప్లై చెయ్యొచ్చు. సబ్జెక్టు సగం తేలి సగం తేలని పిల్లలకి నేను ముందు స్కాట్లాండే చెప్తాను.

అప్లికేషన్ సంగతికి వద్దాం. యూకాస్‌లో ఐదు కోర్సులు పెట్టుకోవచ్చు, మెడిసిన్, డెంటల్, వెటర్నరీ అయితే నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండిటికీ ఒకే ఏడాది అప్లై చెయ్యనివ్వరు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఈ రెండిటికీ, మెడిసిన్, డెంటల్, వెటర్నరీలకీ డెడ్‌లైన్ అక్టోబర్ 15, మిగతావాటికి జనవరి. ఐదు చోట్లకీ వెళ్ళేది ఒకటే పర్సనల్ స్టేట్‌మెంట్, స్పేసులతో కలిపి 4,000 క్యారెక్టర్లు దాటకూడదు. 2026లో చేరేవాళ్ళ నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు, ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావు, ఇప్పటిదాకా చదివిన చదువు దీనికి ఎలా పనికొచ్చింది, చదువు బయట ఇంకేం చేశావు అని.

ఫిజిక్స్‌కి అప్లై చేసిన ఒక అబ్బాయి మొదటి డ్రాఫ్ట్ నాకు చూపించాడు. తాతగారి ఊరు, అక్కడి బావి, కరెంటు పోయిన రాత్రి చుక్కలు చూడటం, తర్వాత రోబోటిక్స్ టీమ్ కెప్టెన్సీ, ఫుడ్ బ్యాంక్‌లో వాలంటీరింగ్, చివర్లో నాలుగు లైన్లు ఫిజిక్స్ గురించి. ఇక్కడి కాలేజీలకి బాగానే ఉంటుంది, చక్కగా రాశాడు కూడా. కానీ అక్కడ దాన్ని చదివేది ఫిజిక్స్ చెప్పే మనిషి, ఆయనకి కావాల్సింది ఈ పిల్లాడు ఫిజిక్స్ గురించి ఎలా ఆలోచిస్తాడన్నది. సరే, స్కూల్లో చెప్పనిది సొంతంగా ఏదైనా చేశావా నాన్నా అని అడిగితే అప్పుడు చెప్పాడు, గరాజ్‌లో తాడుకి బరువు కట్టి పెండ్యులమ్ ఊపి ఫోన్‌లో వీడియో తీశాడంట, చిన్నగా ఊపితే టైము ఫార్ములాతో సరిపోయింది, బాగా వంచి 60 డిగ్రీల నుంచి వదిలితే 7 శాతం ఎక్కువ వచ్చింది, మొదట తన కొలతే తప్పనుకున్నాడు, తర్వాత వెతికితే ఆ ఫార్ములా చిన్న కోణాలకే పనికొస్తుందని తెలిసింది, ఎందుకో తెలుసుకోవడానికి స్కూల్ సిలబస్‌లో లేని క్యాలిక్యులస్ కొంత చదివాడు. ఇంత మంచి విషయం ఆ డ్రాఫ్ట్‌లో ఒక్క ముక్క కూడా లేదు! రెండో డ్రాఫ్ట్ అంతా దాని చుట్టూనే రాశాడు. అరంగేట్రం, స్పెల్లింగ్ బీ, మన బడి టీచింగ్, ఇవన్నీ పిల్లల జీవితంలో చాలా విలువైనవి, కానీ ఫిజిక్స్ సీటుకి అవి చివర్లో ఒక లైను.

మార్కుల సంగతి. అక్కడివాళ్ళు స్కూల్ మార్కుల సగటు జీపీఏ కంటే ఏపీ ఎగ్జామ్స్‌ని, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షల్ని నమ్ముతారు, వాటిలో 5 అంటే అన్నిటికంటే పై స్కోరు. కేంబ్రిడ్జ్ మామూలుగా కనీసం ఐదు ఏపీల్లో 5 అడుగుతుంది, ఆక్స్‌ఫర్డ్ నాలుగు ఏపీల్లో 5, లేదంటే మూడిట్లో 5తో పాటు మంచి శాట్ లేదా యాక్ట్ స్కోరు. వేరే యూనివర్సిటీలు ఇంతకంటే తగ్గుతాయి, కానీ ఏ కోర్సుకి ఏ ఏపీ కావాలో ఆ కోర్సు పేజీలో చూడాలి, ఇంజినీరింగ్‌కి క్యాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ లేకుండా మిగతావి ఎన్ని ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే ఈ మాట టెన్త్ గ్రేడ్ పిల్లలకి చెప్పాలి, ట్వెల్త్‌కి వచ్చాక చాలా ఆలస్యం. దీనిపైన కొన్ని కోర్సులకి వేరే టెస్టులు కూడా ఉంటాయి, లా కి ఎల్‌నాట్, మెడిసిన్‌కి యూక్యాట్, మ్యాథ్స్ ఇంజినీరింగ్ లాంటివాటికి టిమువా, ఈశాట్. యూక్యాట్ సమ్మర్‌లో మొదలై సెప్టెంబర్‌తో అయిపోతుంది, స్కూల్ తెరిచాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

సీటు ఇచ్చినా చాలావరకు కండిషనల్‌గా ఇస్తారు, అంటే మే నెలలో రాసే ఏపీల్లో ఇంత వస్తేనే అని. ఇక్కడ కాలేజీలకి మే 1కి డిపాజిట్ కట్టాలి, ఏపీ స్కోర్లు జులైలో వస్తాయి, ఆ రెండు నెలలు ఇంట్లో టెన్షన్ మామూలుగా ఉండదు. దానికి ముందే సిద్ధపడండి, ఇక్కడ ఒక సీటు పట్టుకుని ఉండండి, పిల్లాడి మీద మాత్రం అరవకండి.

ఇప్పుడు అమ్మానాన్నలకి, డబ్బు సంగతి. బ్రిటిష్ పిల్లలకి ఇంగ్లండ్‌లో ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లు, మనకి అది కాదు, మనది ఓవర్సీస్ ఫీజు. కోర్సుని బట్టి, ఊరిని బట్టి 20 వేల పౌండ్ల దగ్గర్నుంచి మొదలై 40 వేలు దాటిపోతుంది. మేం లండన్‌లో ఆరేళ్ళు ఉన్నాం, పాపకి బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉంది, మాకు లోకల్ ఫీజే కదా అని చాలామంది అడుగుతారు. పాస్‌పోర్ట్ ఒక్కటే చాలదండి, కోర్సు మొదలయ్యే ముందు మూడేళ్ళు అక్కడ నివాసం ఉండాలన్నది అసలు రూలు. చవక అన్న మాట కూడా దేనితో పోలుస్తున్నామన్న దాన్ని బట్టే, ఏడాదికి 90 వేల డాలర్లు తీసుకునే ప్రైవేట్ కాలేజీతో పోలిస్తే చవక, మన స్టేట్ యూనివర్సిటీ ఇన్‌స్టేట్ ఫీజుతో పోలిస్తే అస్సలు కాదు. డిగ్రీ స్థాయిలో బయటి పిల్లలకి స్కాలర్‌షిప్పులు తక్కువ, అవి వస్తాయనే లెక్కలో వెళ్ళొద్దు.

529లో, అంటే పిల్లల కాలేజీకని పెట్టుకునే అకౌంట్‌లో, దాచిన డబ్బు చాలా యూకే యూనివర్సిటీలకి వాడుకోవచ్చు, ఆ యూనివర్సిటీకి ఫెడరల్ స్కూల్ కోడ్ ఉందో లేదో చూసుకోండి. ఇక్కడి ప్రభుత్వమిచ్చే ఫెడరల్ లోన్లు కూడా వస్తాయి, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ మాత్రం రాదు. అమ్మానాన్నల పేరు మీద తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కి 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి ఏడాదికి 20 వేల డాలర్లు, ఒక్కో పిల్లకి మొత్తం 65 వేల డాలర్ల పరిమితి వచ్చింది. సిటిజన్ కాని, గ్రీన్‌కార్డ్ లేని పిల్లలకి, అంటే అమ్మానాన్నల హెచ్1బీ వీసా మీద డిపెండెంట్లుగా ఉన్న మన హెచ్4 పిల్లలకి, ఈ ఫెడరల్ లోన్లు ఏవీ లేవు.

ఆ హెచ్4 పిల్లల గురించి ఒక్క నిమిషం ఆగి మాట్లాడాలి. నాలుగేళ్ళ వయసులో వచ్చి ఇక్కడే పెరిగిన పిల్లలు, గ్రీన్‌కార్డ్ లైను కదలక, 21 నిండగానే డిపెండెంట్ స్టేటస్ పోతుందన్న భయంతో యూకే వైపు చూస్తున్నారు, నాకు వచ్చే ఫోన్లలో మనసుకి బాగా కష్టంగా అనిపించేవి ఇవే. వాళ్ళకి యూకే నిజంగా మంచి దారి కావచ్చు, కానీ 18కి వెళ్ళి 21కి డిగ్రీ పూర్తయ్యేసరికి ఇక్కడికి డిపెండెంట్‌గా తిరిగి వచ్చే వీలుండదు, మళ్ళీ సొంతంగా వీసా తెచ్చుకోవాలి. గ్రీన్‌కార్డ్ ఉన్న పిల్లలు కూడా ఆరు నెలలు దాటి బయట ఉంటే సిటిజన్‌షిప్ లెక్క దెబ్బతినే అవకాశం ఉంది. అడ్మిషన్ కన్సల్టెంట్‌కి డబ్బు కట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట కూర్చోండి.

యూకే స్టూడెంట్ వీసా అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి తేలికే, బ్యాంకు స్టేట్‌మెంట్లు మామూలుగా ముందే పెట్టమని అడగరు, ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే డబ్బు 28 రోజులు వరసగా అకౌంట్‌లో ఉన్నట్టు చూపించాలి. హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 776 పౌండ్లు, కోర్సు మొత్తానికీ ఒకేసారి కట్టాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి గ్రాడ్యుయేట్ రూట్ అనే వీసా రెండేళ్ళు ఉండేది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్ళకి 18 నెలలకి తగ్గించారు. ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలందరికీ ఆ 18 నెలలే లెక్క.

ఇక మెడిసిన్. హాల్లో చాలామంది దీనికోసమే వచ్చారని నాకు తెలుసు. అక్కడ హైస్కూల్ అవగానే నేరుగా మెడిసిన్‌లో చేరొచ్చు, ఐదారేళ్ళు, ఇక్కడిలాగా నాలుగేళ్ళ డిగ్రీ చేసి ఎంక్యాట్ అనే ఎంట్రెన్స్ రాసి మళ్ళీ నాలుగేళ్ళు అక్కర్లేదు. అది నిజమే. కానీ ఇంగ్లండ్‌లో మెడికల్ సీట్లలో బయటి దేశాల పిల్లలకి ఇచ్చేది దాదాపు 7.5 శాతమే, ఫీజు కొన్నిచోట్ల ఏడాదికి 60 వేల పౌండ్లు దాటుతుంది. చదివి తిరిగొస్తే, టెక్సస్‌లోనే పుట్టినా సరే, ఆసుపత్రుల్లో ట్రైనింగ్ సీట్లు ఇచ్చే రెసిడెన్సీ మ్యాచ్‌లో ఫారిన్ గ్రాడ్యుయేట్ కిందే లెక్క, హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ చేసి వచ్చిన డాక్టర్లలాగే యూఎస్‌ఎంఎల్‌ఈ లైసెన్సు పరీక్షలు రాసి సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. మీ బంధువుల్లో ఆ దారిలో వచ్చినవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఎంత కష్టపడ్డారో అడగండి. యూకేలో బయాలజీ డిగ్రీ చేసి ఇక్కడ మెడికల్ స్కూల్‌కి వద్దామన్న ప్లాన్ ఇంకా కష్టం, చాలా స్కూళ్ళు అమెరికాలోనో కెనడాలోనో చదివిన క్రెడిట్స్ ఉండాలంటాయి. అమెరికాలోనే డాక్టర్ అవ్వాలన్న కోరిక గట్టిగా ఉంటే ఇక్కడే చదవండి, నా అభిప్రాయం ఇంతే.

అక్కడ చదువు ఎలా ఉంటుందో పిల్లలకి కొంచెం చెప్తాను. వారం వారం క్విజ్‌లు, ఎక్స్‌ట్రా క్రెడిట్ లాంటివి చాలా తక్కువ, మార్కుల్లో పెద్ద భాగం ఏడాది చివరి పరీక్షల్లోనే. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక టర్మ్ 8 వారాలే, వారానికి ఒకటో రెండో ఎస్సేలు రాసుకుని, ఇద్దరో ముగ్గురో పిల్లలు ట్యూటర్ ఎదురుగా గంట కూర్చుని, రాసిన ప్రతి మాటా ఎందుకు రాశావంటే చెప్పుకోవాలి, వెనక బెంచీలో దాక్కునే వీల్లేదు. ఇష్టం ఉన్న సబ్జెక్టు అయితే అంత ఆనందం ఇంకెక్కడా దొరకదు, ఇష్టం లేకపోతే మూడేళ్ళు నరకం. ఇంకోటి, అక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్, 60 నుంచి 69 టూ వన్, చాలా ఉద్యోగాలకీ మాస్టర్స్‌కీ అదే అడుగుతారు, అది మంచి మార్కే. మన ఇళ్ళల్లో 97 వస్తే మిగతా 3 ఏమయ్యాయని అడుగుతాం, అక్కడ మీ అమ్మాయి ఫోన్ చేసి 64 వచ్చిందని సంతోషంగా చెప్తే మీరు కూడా సంతోషించాలి, ప్లీజ్.

చివరిగా, సోమవారం స్కూల్‌కి వెళ్ళగానే చేయాల్సిన పని. మీ కౌన్సెలర్ దగ్గరికెళ్ళి యూకాస్ రిఫరెన్స్ రాస్తారా, ఇంకా రాయని ఏపీలకి ప్రెడిక్టెడ్ స్కోర్లు ఇస్తారా అని అడగండి. చాలా స్కూళ్ళలో కౌన్సెలర్లకి ఇది అలవాటు లేదు, ఇక్కడి లెటర్లలాగా పిల్లాడు ఎంత మంచివాడో రాస్తారు, అక్కడ కావాల్సింది సబ్జెక్టులో ఎంత గట్టివాడన్నది, అందుకని ఆ సబ్జెక్టు టీచర్‌తో కూడా మాట్లాడి పెట్టమని మర్యాదగా చెప్పండి. అక్టోబర్ 15 డెడ్‌లైన్ అయితే ఈ మాట స్ప్రింగ్‌లోనే అవ్వాలి, సమ్మర్‌లో కౌన్సెలర్లు దొరకరు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను, ముందు పిల్లలు అడగండి, పేరెంట్స్ ఒక్క పది నిమిషాలు ఆగండి.