తెర వెనక ఎవరెవరు? క్యాంపస్‌లో పద్యనాటకం వేసేవాళ్ళకి

నమస్కారం. ముందు ఒక శబ్దం వినండి.

(హార్మోనియం మీద షడ్జం, అంటే 'స', మూడు సెకన్లు)

ఇది ఒకటిన్నర శ్రుతి. శ్రుతి అంటే పాడేవాళ్ళు ఆధారంగా పట్టుకునే ఆ 'స' ఎంత ఎత్తులో ఉందన్నది. ఇప్పుడు ఇది.

(అదే షడ్జం, అర శ్రుతి కింద)

ఇది ఒకటి. తేడా అర శ్రుతి మాత్రమే. హాల్లో 400 మంది కూర్చుంటే అది పట్టుకునేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. కానీ జలుబు చేసిన అర్జునుడికి ఆ అర శ్రుతే ప్రాణం. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ఈ వీడియో యూనివర్సిటీలో పద్యనాటకం వేద్దామని సరదా పడేవాళ్ళ కోసం. అయితే వేషం కట్టేవాళ్ళ కోసం కాదు, వాళ్ళకి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. సైడ్ వింగ్‌లో, అంటే స్టేజి పక్కన ప్రేక్షకులకి కనపడని చోట, నల్ల చొక్కా వేసుకుని, చేతిలో టార్చి పట్టుకుని నిలబడేవాళ్ళ కోసం. నేను ఎమ్మే చదివిన రెండేళ్ళూ స్టేజ్ మేనేజర్‌గానే చేశాను. మొహానికి రంగు పడింది ఒక్కసారే, అదీ ద్వారపాలకుడు ఎగ్గొట్టిన రోజు.

ఉదాహరణకి అందరికీ తెలిసిన సీను తీసుకుందాం. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోది, పడక సీను. కృష్ణుడు పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు ముందొచ్చి తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు. తర్వాత అర్జునుడొచ్చి కాళ్ళ దగ్గర నిలబడతాడు. కళ్ళు తెరవగానే ఎదురుగా కనిపించేది అర్జునుడు. స్టేజి మీద ముగ్గురు మనుషులు, ఒక మంచం, ఒక కుర్చీ. మా షోలో ఆ ముగ్గురి వెనక పనిచేసింది 14 మంది.

వాళ్ళలో మొదటి మనిషి హార్మోనియం మాస్టారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ముందు పాత్రలు పంచేసి, రిహార్సల్స్ సగమయ్యాక మాస్టారి కోసం వెతుకుతారు. నేనైతే మాస్టారు దొరికాకే కృష్ణుణ్ణి వెతకమంటాను. ఎందుకంటే మాటలతో నడిచే నాటకంలో డైరెక్టరు చూపిస్తాడు, నటుడు చేస్తాడు. పద్యనాటకంలో తెర లేచాక నటుడి పక్కన ఉండేది మాస్టారు ఒక్కరే. శ్రుతి అందించేది ఆయన, ఊపిరి సరిపోక ఆలాపన తెగిపోతే ఆ ఖాళీని నింపేది ఆయన, పద్యంలో మాట మర్చిపోతే గుర్తొచ్చేదాకా రాగం తిప్పుతూ ఉండేది కూడా ఆయనే.

అసలు నాటకంలో పద్యాలు రాగాలు తీసి పాడే పద్ధతి బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారితో ఊపందుకుంది, 1880లలో. హార్మోనియం మన నాటకాన్ని పట్టుకుంది, ఇక వదల్లేదు. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడాలు, దాని మీద పలకవన్నారు. మన నాటకాలవాళ్ళు ఆ మాట చెవిన పెట్టిన దాఖలా అయితే లేదు!

సరే, మొదటి వారం ఏం చెయ్యాలంటే, ఒక్కో నటుణ్ణీ మాస్టారి పక్కన కూర్చోబెట్టండి. ఒకే పద్యం తక్కువ శ్రుతిలో మొదలుపెట్టి పైకి వెళ్తూ నాలుగుసార్లు పాడించండి. గొంతు ఎక్కడ బిగుసుకుంటోందో మాస్టారికి తెలిసిపోతుంది. ఆ శ్రుతి నోట్‌బుక్కులో రాసిపెట్టండి. పాతకాలం నటులు మైకు లేకుండా చివరి వరసదాకా వినిపించాలి కాబట్టి బాగా హెచ్చు శ్రుతిలో పాడేవారు. వాళ్ళ రికార్డులు విని, అదే ఎత్తులో పాడాలని గొంతు చించుకోకండి. మీకు మైకుంది.

మా నోట్‌బుక్కులో ఇలా ఉండేది: కృష్ణుడు ఒకటిన్నర, అర్జునుడు ఒకటిన్నర, దుర్యోధనుడు ఐదున్నర. ఐదున్నర ఏమిటంటారా? మా దుర్యోధనుడు అమ్మాయి. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసిన రంగస్థలం మనది, ఆడపిల్ల దుర్యోధనుడు వేస్తే తప్పేముంది? కాకపోతే ఒకే సీనులో శ్రుతి అటూ ఇటూ మారుతుంది, మాస్టారికి ముందే తెలియాలి. తబలా ఆయనకి కూడా చెప్పాలి. పద్యానికి తాళం ఉండదు కాబట్టి ఆయనకి అక్కడ పెద్దగా పనుండదు. కానీ మధ్యలో పాట వచ్చిందంటే, కుడి తబలా ఏ శ్రుతికి కలిపి ఉందో ఆ శ్రుతిలోనే మోగుతుంది. స్టేజి మీద తబలా శ్రుతి మార్చడానికి సుత్తి పట్టుకుని కూర్చునే టైం ఉండదు. రెండు కుడి తబలాలు కలిపి పక్కన పెట్టుకోమనండి.

ఇప్పుడు జలుబు కథ. షో రోజు పొద్దున మా అర్జునుడి గొంతు పట్టేసింది. డైరెక్టరు సార్‌కి చెప్పాలంటే భయం, నాకు చెప్పాలంటే మొహమాటం. సాయంత్రం పంచె కట్టించుకుంటూ కాస్ట్యూమ్స్ చూసే జూనియర్ అమ్మాయితో అన్నాడట. ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ నా దగ్గరకొచ్చి, "అక్కా, అర్జునుడికి పైషడ్జం అందట్లేదంట" అంది. నేను మాస్టారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "పాడనీ అమ్మా, నేను చూసుకుంటా" అన్నారంతే. అర్జునుడి పద్యం రాగానే ఒకటి శ్రుతి అందించారు. వాడు ఏమీ ఎరగనట్టు అందులోకి వెళ్ళిపోయాడు. సార్ గమనించలేదనుకున్నాం. షో అయ్యాక టీ తాగుతూ, "మాస్టారూ, అర్జునుణ్ణి కిందికి దించినట్టున్నారే" అన్నారు.

దీంట్లో ఇంకో సంగతి ఉంది. తెర వెనక ఏ కబురైనా ముందు తెలిసేది కాస్ట్యూమ్స్ వాళ్ళకి. ఎవరికి జ్వరం, ఎవరు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఎవరెవరికి పడట్లేదు, అన్నీ. అక్కడ నోరున్న మనిషిని పెట్టండి, సిగ్గరిని పెట్టకండి.

ఇక స్టేజ్ మేనేజర్. అంటే మీరే.

(తెర మీద: ప్రాంప్ట్ కాపీ పేజీ)

ఇది నా ప్రాంప్ట్ కాపీ. ఎడమ పేజీలో నాటకం, కుడి పేజీలో క్యూలు, అంటే ఏ క్షణంలో ఏ లైటు, ఏ సామాను మారాలో ఆ గుర్తులు. పెన్సిల్‌తోనే రాయండి, గ్రాండ్ రిహార్సల్ దాకా మారుతూనే ఉంటాయి. పడక సీనుకి నాలుగు క్యూలున్నాయి, చూడండి.

క్యూ 11, మొత్తం చీకటి. మంచం ఇద్దరు, కుర్చీ ఒకరు తెచ్చి పెట్టాలి. ఎక్కడ పెట్టాలో చీకట్లో తెలియడానికి నేల మీద చిన్న చిన్న రేడియం స్టిక్కర్ ముక్కలు అంటించండి. చిన్నవే! మావాళ్ళు ఒకసారి పెద్దవి అంటించేసరికి ద్వారక కాస్తా విమానాశ్రయంలా వెలిగిపోయింది. క్యూ 12, నీలం లైటు, మనసులో ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా. క్యూ 13, దుర్యోధనుడు కూర్చోగానే ఆ పక్క కాస్త పసుపు.

క్యూ 14 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. కృష్ణుడు కళ్ళు తెరుస్తాడు, అర్జునుడి మీద వెలుగు పడాలి. రిహార్సల్‌లో లైట్ల అబ్బాయి ప్రతిసారీ ముందే వేసేవాడు. నేను వద్దన్నాను. అర్జునుడి మీద ముందే లైటు పడితే, ముందొచ్చింది నేనే కదా అని దుర్యోధనుడు మీసం దువ్వుకుంటున్న ఆ రెండు క్షణాలూ ఎవరికీ కనిపించవు. ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు. వాడు చూడ్డానికొచ్చింది ఆ రెండు క్షణాలే. కాబట్టి కృష్ణుడి తల కదలాలి, కనురెప్ప లేవాలి, అప్పుడు లైటు. కానీ లైట్ బోర్డు ఉన్నది హాలు వెనక, అక్కడికి కనురెప్ప కనిపించదు. వింగ్‌లో ఉన్న నాకు కనిపిస్తుంది. నేను చెబుతాను, అతను వేస్తాడు. స్టేజ్ మేనేజర్ ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ క్యూ 14 చూపిస్తాను.

చెప్పడానికో మాట ఉండాలి. అన్నిచోట్లా 'స్టాండ్ బై', 'గో' అంటారు. కృష్ణుడి నాటకంలో ఆ 'గో'తో పెద్ద తంటా. హెడ్‌సెట్‌లో నేను పక్కవాళ్ళతో గుసగుసగా "గోపికల చీరలొచ్చాయా" అన్నాను, లైటు వెలిగిపోయింది. ఆ రోజు నుంచి 'గో' మానేసి 'వెయ్' పెట్టుకున్నాం. "పధ్నాలుగు రెడీ... పధ్నాలుగు వెయ్." ఇప్పటికీ అదే.

హెడ్‌సెట్లు లేకపోతే బాధపడకండి. వింగ్‌లోంచి టార్చి ఒకసారి వెలిగిస్తే రెడీ, ఆర్పితే వెయ్.

వన్స్ మోర్ సంగతి ముందే తేల్చుకోండి. క్యాంపస్ అయినా సరే, ముందు వరసల్లో పద్యం పిచ్చి ఉన్న పెద్దవాళ్ళు నలుగురుంటారు. పద్యం బాగా పండితే అరుస్తారు. మళ్ళీ పాడాలా వద్దా అన్నది నటుడికి వదిలేస్తే తప్పకుండా పాడతాడు! సార్ ఒప్పుకుంటే, ఎన్ని పద్యాలకో ప్రాంప్ట్ కాపీలో గుర్తు పెట్టుకోండి. ఆ పద్యం చివర క్యూ ఉంటే లైట్ల వాళ్ళు ఆగాలి. లేకపోతే వన్స్ మోర్ పద్యం చీకట్లో వినాల్సొస్తుంది.

మైకులు చూసే మనిషి గురించి నా సొంత అవమానం ఒకటి చెప్పుకోవాలి. మా మొదటి షోలో కృష్ణుడికి కాలర్ మైకు ఛాతీ మీద పెట్టాం. నిలబడి పాడితే బ్రహ్మాండంగా ఉంది. పడక సీనులో పడుకున్నాడు, ఊపిరి తీసినప్పుడల్లా హారాలు మైకుకి రాసుకున్నాయి. గర్ర్... గర్ర్... శ్రీకృష్ణపరమాత్మ గురక పెడుతున్నాడని హాలంతా నవ్వింది. దుర్యోధనుడు కూడా నవ్వాపుకోలేక ఉత్తరీయం అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నుంచి మైకు కిరీటం అంచు కింద, విగ్గులో, నుదుటి దగ్గర పెడుతున్నాం. చెమటకి జారిపోకుండా మెడికల్ టేపు వెయ్యండి. పడుకుని కూడా టెస్ట్ చెయ్యండి.

మేకప్, సెట్టు గురించి ఎక్కువ చెప్పను, వాటికి వేరే వీడియోలున్నాయి. ఒక్క మాట: మీసం అంటించే గమ్ము ఎవరి చర్మానికి పడదో షోకి వారం ముందే చూసుకోండి.

ఇప్పుడు పోస్టర్ మీద ఎవరూ పేరు వెయ్యని మనిషి. యూనివర్సిటీ ఎలక్ట్రీషియన్. ఆడిటోరియం ప్యానెల్ బోర్డు తాళం ఆయన దగ్గరుంటుంది. ఏ ప్లగ్గు ఎంత లోడు మోస్తుందో, ఏ ఫేజు మీద ఏసీ నడుస్తోందో ఆయనకే తెలుసు. మీరు పన్నెండు పార్ లైట్లు (స్టేజి మీద వెలుగు వేసే పెద్ద దీపాలు) తెచ్చి ఒకే లైను మీద పెడితే మొదటి సీనులోనే ట్రిప్ అవుతుంది. డ్యూటీ దిగే టైం కనుక్కుని, షో రోజు ఆగమని పది రోజుల ముందే అడగండి. ఆయన పై అధికారికి ఉత్తరం కూడా పెట్టండి, వట్టి మాట మీద ఉంచేస్తే ఆయనకే ఇబ్బంది. రిహార్సల్ అయ్యాక అమ్మాయిలు హాస్టల్‌కి ఆలస్యంగా వెళ్ళడానికి వార్డెన్ అనుమతి కూడా అంతే, పేర్లతో సహా కాగితం మీద ఉండాలి.

ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్ళకి నేనొక పేరు చెబుతుంటాను. ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుగా చేసిన కూర్మా వేణుగోపాలస్వామి గారు. అక్కడ ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్ పెట్టి, కాలేజీల మధ్య నాటక పోటీలు జరిపించి, ఎంతోమందిని స్టేజి ఎక్కించింది ఆయన. మనం సంతకం కోసం ఎదురుచూసే కుర్చీలోనే ఆ రోజుల్లో అలాంటి మనిషి కూర్చున్నాడు. ఇంకా వెనక్కి వెళ్తే, 1880 ప్రాంతంలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత నాటకాలాడించింది ధార్వాడ నాటక కంపెనీవాళ్ళు వదిలి వెళ్ళిన పాకలో. హాలు ఖాళీ లేదని ఈసారి ఎవరైనా అంటే, ఖాళీగా ఉన్న పాక ఎక్కడుందో చూడండి.

ఇంతమంది ఎక్కణ్ణించి వస్తారక్కా అని అడుగుతారు. వీలుంటే ఒక్కసారి సురభివాళ్ళ నాటకం చూసి, అయ్యాక వెనక్కి వెళ్ళండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబాల సమాజం అది. వేషం లేని సీనులో ఊరికే కూర్చునేవాళ్ళు అక్కడ దాదాపు ఉండరు, తాడు లాగడమో, తెర మార్చడమో చేస్తుంటారు. మన పిల్లలకి కిరీటం పెట్టగానే చేతులు పనిచెయ్యవు! మా షోలో పడక సీనులో మంచం మోసిన ఇద్దరిలో ఒకడు తర్వాతి సీనులో భీముడు. గద పక్కన పెట్టి వచ్చి మోసేవాడు.

ముఖ్య అతిథి గారి ప్రసంగం, సన్మానాలు అన్నీ తెర లేవకముందే అయిపోవాలని నిర్వాహకులతో గట్టిగా చెప్పండి. సీన్ల మధ్య శాలువా కప్పే కార్యక్రమం పెడితే, వేడి చల్లారిన నటుడు మళ్ళీ శ్రుతిలోకి రావడానికి రెండు పద్యాలు పడుతుంది.

చివరగా, తెర పడ్డాక. అందరూ ఫొటోలకి వెళ్ళిపోతారు, మీరు వెళ్ళకండి. డ్రెస్సులు అద్దెకి తెచ్చినప్పుడు రాసుకున్న లిస్టు తియ్యండి. కిరీటాలు 3, భుజకీర్తులు 3 జతలు, హారాలు 7, ఉత్తరీయాలు 3, పించం 1. ఒక్కోటి పెట్టెలో పెడుతూ టిక్కు కొట్టండి. పించం ఎప్పుడూ కనిపించదు. ముందు కృష్ణుడి చిన్న తమ్ముడి చేతిలో చూడండి.