ఏడో మనిషి

అందరికీ నమస్కారం. నాకన్నా పెద్దవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు, వాళ్ళకి ఇంకోసారి నమస్కారం. "మా కాలేజీ బృందగానం టీముకి పూర్వ విద్యార్థుల సంఘం పెట్టుకుంటున్నాం, వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అని మీరు అన్నారు. మా సంఘం ఒకసారి మూతపడి మళ్ళీ లేచింది కాబట్టి నా దగ్గర అనుభవానికేం కొదవ లేదు.

యూనివర్సిటీ యూత్ ఫెస్టివల్ రూలు ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. బృందగానంలో పాడేవాళ్ళు ఆరుగురికి మించకూడదు. వాద్యాలకి ముగ్గురు. టైము 10 నిమిషాలు. సినిమా పాట పనికిరాదు. అయితే ఆ ఆరుగురు తయారవ్వాలంటే రిహార్సల్లో పది పన్నెండు మంది గొంతు చించుకోవాలి. ఎవరికైనా జ్వరం వస్తే బదులు స్టేజీ ఎక్కడానికి ఒకరు, తాళం తప్పుతుంటే తొడ మీద వేసి చూపించడానికి ఒకరు. ఫొటోలో మాత్రం ఆరుగురే ఉంటారు. మొదటిసారి సంఘం పెట్టినప్పుడు మేం ఆ ఫొటోలు ముందేసుకుని సభ్యుల పేర్లు రాసుకున్నాం. దెబ్బ తిన్నది అక్కడే.

స్టేజీ ఎక్కినవాళ్ళే కలిస్తే ఏమవుతుందంటే, మొదటి ఏడాది మనం కొట్టిన కప్పు కబుర్లు. రెండో ఏడాదీ అవే కబుర్లు, కప్పు కాస్త పెద్దదవుతుంది. మూడో ఏడాదికి బిర్యానీలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నదే మిగిలింది. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు. ఆరంభశూరులని మనకి ఊరికే పేరు రాలేదు.

పైగా డబ్బు గొడవ. చందాలన్నీ ఒక మిత్రుడి సొంత ఖాతాలో వేశాం. అతను పైసా తినలేదు, ఇది గట్టిగా చెప్పాలి. ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోయాడు. లెక్క అడగడానికి మాకు మొహమాటం, చెప్పడానికి అతనికి బద్ధకం. అలా మూడేళ్ళు పోయాయి. మీరు మొదటి రోజే సంఘం పేరు మీద ఖాతా తెరవండి, ఇద్దరు సంతకం పెడితేగానీ డబ్బు బయటికి రాకూడదు.

ఖాతా కావాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో దానికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. రెండోసారి పట్టుబట్టి సంతకాలకి కూర్చున్నప్పుడు చూసుకుంటే మేం సరిగ్గా ఆరుగురం! అందరం నవ్వుకున్నాం. తర్వాత ఎవరో అన్నారు, "మరి నోట్‌బుక్ అమ్మాయి?"

రెండేళ్ళు మాతో రోజూ ప్రాక్టీసు చేసింది, ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కలేదు. పాటల నోట్‌బుక్ ఆవిడ దగ్గరే ఉండేది. ఫేస్‌బుక్‌లో వెతికితే దొరకలేదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, మాకు తెలిసిందేమో కాలేజీ నాటిది. మన దగ్గర అమ్మాయిలు ఇలాగే జాబితాల్లోంచి జారిపోతారు. చివరికి విశాఖ పెదవాల్తేరులో పుట్టింటికి వెళ్తే వాళ్ళ అన్నయ్య ఆవిడ నంబరిచ్చారు. ఫోన్ చేసి విషయం చెప్పగానే ఆవిడ నోట వచ్చిన మొదటి మాట, "నన్నెందుకండీ, నేను టీములో లేను కదా?"

నాకు కాసేపు మాట రాలేదు.

సంతకానికి వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి కిటికీలు ఊడిపోయి, వాళ్ళింట్లో బీరువా దాకా నీళ్ళొచ్చాయట. నోట్‌బుక్ తడిసి ముద్దయితే పేజీకో పాత గుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది. కాగితాలు అప్పడాల్లా వంకర తిరిగాయి, నీలం సిరా అలికిపోయింది. మార్జిన్లో ఎర్ర పెన్నుతో రాసుకున్నవి మాత్రం నిలిచాయి. "ఇక్కడ ఊపిరి." "మగవాళ్ళు తొందరపడుతున్నారు." "రెండో చరణం ముందు తబలా ఆగాలి." ఆరుగురం ఆ పేజీల మీదకి వంగి, ఎవరూ చెప్పకుండానే పాట అందుకున్నాం. రెండో లైనుకే గొంతులు అందక ఆగిపోయాం.

అప్పుడు తెలిసింది, మా సంఘానికి లేనిది పాటేనని. ఇప్పుడు నెలకో ఆదివారం కలుస్తాం, ముందు గంటన్నర పాడతాం, టిఫిను ఆ తర్వాతే. కాలేజీలో నాలుగు శ్రుతిలో పాడినవి మూడుకి దించాం. యాభై దాటిన గొంతుకి సిగ్గేముంది? పాటల ఎంపికలో మాత్రం గొడవలు తప్పవు. మన విశాఖలో ఆకాశవాణి 1963లో మొదలైంది. పెద్ద బ్యాచ్‌లకి లలితగీతమంటే రేడియోలో విని నేర్చుకున్నదే. కుర్రాళ్ళకి యూట్యూబు. రెండూ పాడండి, తగువు దానంతటదే సర్దుకుంటుంది.

పెద్ద సమావేశం డిసెంబరులో పెట్టుకోండి, అమెరికా వాళ్ళకి సెలవులుంటాయి. గురువారం మాత్రం వద్దు. మార్గశిరం కదా, సగం ఊరు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి క్యూలో ఉంటుంది. మేం ఒకసారి పెట్టి ఖాళీ కుర్చీలకి పాడాం.

అమెరికా వాళ్ళ డబ్బు దగ్గర ఒక జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్ళకిచ్చే) కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అనుమతి లేకుండా వాళ్ళ నుంచి రూపాయి తీసుకోకూడదు. స్నేహితుడే కదా అని తీసుకుంటే తర్వాత టెన్షన్ మీకే.

ఇప్పటి పిల్లల టీముకి మీరేం చెయ్యాలని అడిగారు. వాళ్ళ రిహార్సల్‌కి వెళ్ళి "మా రోజుల్లో" అని మొదలుపెట్టకండి, అంతకన్నా పెద్ద సాయం లేదు. సముద్రపు గాలికి హార్మోనియం రీడ్లు చిలుము పట్టి గరగరమంటాయి, ఏటా శుభ్రం చేయించండి. పోటీకి వెళ్ళేటప్పుడు ఆరుగురికే కాదు, ప్రాక్టీసు చేసిన అందరికీ టికెట్లు కొనండి. మేం ఖర్చుపెట్టిన డబ్బులో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

సభ్యత్వం కాగితాలు గుమ్మం పక్క బల్ల మీద ఉన్నాయి. ఇంటిపేరుకి రెండు గడులు పెట్టించాను, కాలేజీలో ఉన్నది ఒకటి, ఇప్పటిది ఒకటి. కింద ఒక ఖాళీ గీత ఉంటుంది. మీతో ప్రాక్టీసు చేసి, ఫొటోలో లేనివాళ్ళు ఎవరైనా గుర్తుంటే వాళ్ళ పేరు, పుట్టింటి అడ్రసు అక్కడ రాయండి. పెన్నులు తక్కువున్నాయి, రాశాక పక్కవాళ్ళకివ్వండి.