ఆప్‌తో నిలబడుడు ఎట్ల: మెట్రో పిల్లర్ వెనక కానిస్టేబుల్ లెక్క

నమస్తే అందరికి. స్నైపింగ్ క్లిప్ పెట్టిన ప్రతిసారి కింద రెండు రకాల కామెంట్లు పడతయి. ఒకడు, "అన్నా, నీ చెయ్యి మస్తు స్పీడ్, మాకు రాదు." ఇంకొకడు, "ఏముంది, మూలకు కూసొని కొట్టుడే గదా, క్యాంపర్‌గాడు." మొదటోడు పొగుడుతున్నడు, రెండోవాడు తిడుతున్నడు. కానీ ఇద్దరూ చూస్తున్నది ఒక్కటే, గుండు పేలిన ఆ క్షణం. ఆప్ అంటే AWP, కౌంటర్ స్ట్రైక్‌ల స్నైపర్ గన్ను. దాని ఆటలో ఆ క్షణం అన్నిటికన్నా ఆఖరిది, అన్నిటికన్నా చిన్నది. అంతకుముందు ఏం జరిగిందో ఎవడూ అడగడు. ఈ వీడియో దాని గురించే. కౌంటర్ స్ట్రైక్ 2 అనే షూటింగ్ ఆట మీద చెప్తున్న. మీరంతా ఆడేటోళ్లే, కాబట్టి బాంబు ఏంది, సైట్ ఏంది అని మొదలుపెట్టను.

కూకట్‌పల్లి రోడ్డు మీద మెట్రో పిల్లర్ వెనక చేతిల కెమెరా పట్టుకొని నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని చూసే ఉంటరు. హెల్మెట్ లేని బండి వస్తది, ఒక్క ఫోటో, అయిపాయె. ఇంటికి పోయి ఆన్‌లైన్‌లో చూసుకుంటే చలాన్ ఉంటది. ఆయన ఉరకడు, అరవడు, బండి వెనక పడడు. నన్నడిగితే హైదరాబాద్‌లో అందరికన్నా మంచి ఆప్ ప్లేయర్ ఆయనే. నవ్వకండి, ఈ వీడియో అంతా ఆయన మీదనే నడుస్తది.

[తెర మీద: డస్ట్ 2 మ్యాప్, లాంగ్ అనే పొడుగు దారి తలుపుల (లాంగ్ డోర్స్) దగ్గర గుండ్రటి గుర్తు]

మొదటి సంగతి, దూరం. ఆ కానిస్టేబుల్ గల్లీ మొగదల్నే నిలబడితే ఏమైతది? బండి ఆయన ముక్కు ముందు నుంచి సర్రున పోతది. కెమెరా తిప్పేలోపల మూసాపేట దాటుతది. అందుకే ఆయన గల్లీకి దూరంగ, పిల్లర్ నీడల ఉంటడు. అక్కడి నుంచి చూస్తే అదే బండి, అదే స్పీడు, కానీ కెమెరాలో నెమ్మదిగ కదిలినట్టు కనబడతది. ఆటలో కూడా అంతే. మూలకు దగ్గరగ నిలబడి పట్టుకుంటే శత్రువు స్క్రీన్ ఈ కొస నుంచి ఆ కొసకు దూకుతడు. దూరం నుంచి పట్టుకుంటే కొద్దిగ జరుగుతడు. మౌస్ కదపాల్సిన పని తగ్గుతది. చెయ్యి స్పీడు అంటరు గదా, అది అవసరమే లేకుండ చేసేది దూరం.

దీంట్లో ఇంకో లాభం ఉంది, చానా మందికి ఇది తెల్వదు. గల్లీ నుంచి బండి బయటికి వచ్చేటప్పుడు ముందుగాల ఏం కనబడతది? ముందు టైరు. నడిపేటోడి కండ్లకు మెయిన్ రోడ్డు కనబడేసరికి టైరు ఎప్పుడో రోడ్డెక్కింది. ఆటలో మీ కండ్లు తల నడిమధ్యల ఉంటయి, భుజం పక్కకు ఉంటది. మూలకు అతుక్కొని తొంగి చూసేటోడి భుజం ముందు బయటికి వస్తది, వాడికి మీరు కనబడేది ఆ తర్వాత. మూలకు ఎవడు దూరంగ ఉంటే వాడికి ముందు కనబడతది. "వాడికి నేను ముందే కనబడ్డ, హ్యాక్ వేసిండు" అని మైక్‌లో మొత్తుకునే టీమ్‌మేట్లు ఉంటరు గదా, వాళ్లకు ఈ ఒక్క ముక్క పంపండి. సగం లొల్లి తగ్గుతది.

ఇప్పుడు ఈ వీడియోలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. క్రాస్‌హెయిర్, అంటే స్క్రీన్ నడిమధ్యల గురి గుర్తు, ఎక్కడ పెట్టాలె?

కొత్తోళ్లందరూ గోడ అంచు మీదనే పెడతరు. శత్రువు అక్కడి నుంచే వస్తడు కాబట్టి అక్కడే పెట్టాలె అని. మంచి లాజిక్కే, కానీ తప్పు. లెక్క చేద్దాం. ఏకే రైఫిల్ పట్టుకొని ఉరికేటోడి స్పీడు సెకనుకు 215 యూనిట్లు (యూనిట్ అంటే ఆటలో దూరం కొలత). కనబడినంక మీ వేలు క్లిక్ చేసేసరికి, మామూలు మనిషికి, పావు సెకను అనుకుందాం. ఆ పావు సెకనులో వాడు దగ్గర దగ్గర 54 యూనిట్లు జరిగిండు. ఒక ప్లేయర్ వెడల్పు ఎంత? 32 యూనిట్లు. అంటే మీరు క్లిక్ చేసేసరికి వాడు తన ఒంటికి ఒకటిన్నర రెట్లు పక్కకు పోయిండు. మీ గుండు పోయి గోడ అంచు పక్కన, వాడు ఎప్పుడో దాటిపోయిన ఖాళీల పడతది.

[తెర మీద: నెమ్మదిగ నడిచే రీప్లే. క్రాస్‌హెయిర్ అంచు మీద, శత్రువు దాటిపోతున్నడు. ఆపి చూపించాలె.]

చూసిన్రా? చెయ్యి స్లో కాదు, చోటు తప్పు. మన కానిస్టేబుల్ కెమెరాను గల్లీ గోడకు గురిపెట్టి ఉంచడు. గల్లీల నుంచి వచ్చినంక బండి ఎక్కడికి చేరుతదో, రోడ్డు మీద ఆ చోటుకు పెడతడు. మీరు కూడా అంచు నుంచి ఒకటిన్నర మనిషి ఖాళీ వదలండి. శత్రువు వస్తడు, మీ మెదడు "అరె" అంటది, వేలు నొక్కుతది, అంతల వాడే నడుచుకుంట వచ్చి క్రాస్‌హెయిర్ కింద నిలబడతడు.

మరి వాడు ఉరకకుండ నిదానంగ నడుచుకుంట వస్తే? అప్పుడు ఖాళీలనే ఉంటడు గదా? ఉంటడు. నిదానంగ వచ్చేటోడు మీకు టైమ్ ఇస్తున్నడు, మౌస్ కొంచెం జరిపి కొట్టచ్చు. ఖాళీ వదిలేది ఉరికి వచ్చేటోడి కోసం.

ఇక్కడ మొబైల్ షూటింగ్ ఆట బీజీఎంఐ నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఒక మాట. ఆ ఆటలో గుండు ప్రయాణం చేస్తది, దూరం పోతే కిందికి దిగుతది, అందుకే ఉరికేటోడికి ముందు కొడతరు. కౌంటర్ స్ట్రైక్‌లో అది లేదు. క్లిక్ చేసిన క్షణంలనే తగులుతది, గీత గీసినట్టు. మనం వదిలే ఖాళీ గుండు కోసం కాదు, మన మెదడు ఆలస్యం కోసం. అందుకే "అన్నా, లీడ్ ఎంత ఇయ్యాలె" అని అడగకండి. క్లిక్ చేసేటప్పుడు క్రాస్‌హెయిర్ వాడి మీదనే ఉండాలె.

ఇగ తెలివైనోడు ఏం చేస్తడంటే, భుజం ఒక్కటి చూపించి వెనక్కి పోతడు. మీతోని గుండు ఖర్చు పెట్టిస్తడు. గల్లీల నుంచి టైరు మొన కనబడి వెనక్కి పోయిందనుకోండి, కానిస్టేబుల్ ఫోటో తీయడు. నంబర్ ప్లేటు కనబడని ఫోటో ఎవరికి కావాలె? ఆప్‌లో తొందరపడి ఒకటి కొడితే తర్వాతి గుండుకు దాదాపు ఒకటిన్నర సెకను పడతది. ఆ టైమ్‌లో ఏకే నుంచి 14 గుండ్లు వస్తయి, హెల్మెట్ ఉన్నా తలకు ఒక్కటి చాలు. ఉరికేటోడు 300 యూనిట్లు దాటి మీ మీదికి వచ్చేస్తడు. భుజం కనబడితే ఊకుండుడు నేర్చుకోండి. మౌస్ సర్రున తిప్పి కొట్టే ఫ్లిక్ ప్రాక్టీస్ కన్నా ఇది కష్టం, ఒట్టు.

తర్వాత, కదులుడు. నడుచుకుంట ఫోటో తీస్తే ఏమొస్తది? మసక. స్కోప్ పెట్టుకొని కదిలినా అంతే, గుండు యాడికి పోతదో దానికే తెల్వదు. స్కోప్ లేకుంటే ఆప్ పట్టుకున్నోడి స్పీడు 200, స్కోప్ పెడితే 100. అంతకుముందు 150 ఉండేది, 2015లో తగ్గించిన్రు. స్కోప్‌తో తిరుక్కుంట అందరినీ ఏసేస్తున్నరనే తగ్గించిన్రు, మంచి పని చేసిన్రు. కాబట్టి పక్కకు వచ్చి, ఎదురు కీ ఒకసారి నొక్కి పూర్తిగ ఆగి, అప్పుడు కొట్టాలె. స్కోప్ తెరిచే రైట్ క్లిక్, గుండు పేల్చే లెఫ్ట్ క్లిక్ రెండూ ఒక్కసారే నొక్కేటోళ్లు ఉన్నరు. స్కోప్ తెరుచుకున్నంక గురి కుదరడానికి కూడా రవ్వంత టైమ్ పడతది. జర ఆగండి.

"మరి సింపుల్ ఎట్ల కొట్టిండు?" ఈ ప్రశ్న వస్తదని తెలుసు. సింపుల్ (s1mple) అంటే పేరున్న ప్రో ప్లేయర్. 2016 కొలోన్ టోర్నమెంట్ సెమీఫైనల్, క్యాష్ మ్యాప్, బి సైట్ (బాంబు పెట్టే చోటు). హెవెన్ అనే ఎత్తు చోటు నుంచి కిందికి దూకుకుంట స్కోప్ లేకుండ ఇద్దరిని లేపిండు. ఆ చోట గోడ మీద దానికి గుర్తుగ బొమ్మే గీసిన్రు ఆటను తయారుచేసినోళ్లు. అసొంటిది మళ్ల మళ్ల కాదు కాబట్టే బొమ్మ గీసిన్రు. అందరూ ఆ క్లిప్ చూసి కేఫ్‌కు వచ్చి హెవెన్ నుంచి దూకుతరు, గుండు సీలింగ్‌కు తగులుతది, టీమ్ తిడుతది. మీరు డివైస్ అనే ఇంకో ప్రో ప్లేయర్ ఆట చూడండి. ఆస్ట్రాలిస్ టీమ్‌తో నాలుగు మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నమెంట్లు, గెలిచిండు. ఆయన డెమోలు (మ్యాచ్ రికార్డింగులు) చూస్తే క్లిప్పు చేసేటట్టు ఏం ఉండదు, బోరు కొడతది. నిలబడతడు, కొడతడు, కనబడకుండ పోతడు. ఆ బోరు ఆటనే నాకు ఇష్టం.

కనబడకుండ పోవుడు అన్న గదా. గుండు తగిలినా తగలకపోయినా ఆ చోటు మీద ఇంక ఆశ వదలండి. ఆప్ చప్పుడు ఎంత దూరం పోతదో మీకు తెలుసు. అవతలోళ్లు "ఆప్ లాంగ్‌ల ఉంది" అనుకుంటరు. రోడ్డు మీద కూడా ఇదే జరుగుతది గదా, ఎదురుంగ వచ్చే బండి హెడ్‌లైట్ రెండుసార్లు కొడతది, అంటే ముందట పోలీసు ఉన్నడని. అప్పటినుంచి అందరూ హెల్మెట్ పెట్టుకొని మర్యాదగ వస్తరు, ఆయనకు ఒక్క ఫోటో దొరకదు. అందుకే ఆయన ఇంకో పిల్లర్‌కు పోతడు. మీరు కూడా గుండు పేలిన వెంటనే స్కోప్ తీసి గోడ చాటుకు పోండి, తర్వాత వేరే చోటు నుంచి చూడండి. అదే మూలను అట్లనే మళ్ల తొంగి చూస్తే వాడు మీ తల కోసం రెడీగ ఉంటడు. కాబట్టి నిలబడేటప్పుడే చూసుకోవాలె, ఒక్క అడుగు వేస్తే చాటు దొరికే చోటేనా అని. డస్ట్ 2 లాంగ్‌ల నడిమధ్యల నిలబడి ఆప్ పట్టుకునేటోళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతది.

అబ్బా, టైమ్ చానా అయింది. ఇంకా ఆటలో గన్నులు కొనే పైసల సంగతి చెప్పనే లేదు, జల్దీ చెప్తా.

ఆప్ ధర 4750. ఒకణ్ని చంపితే వచ్చేది 100. ఏకే అయితే 2700, చంపితే 300. అంటే ఏకే తొమ్మిది మందిని లేపితే తన ఖర్చు తనే తెచ్చుకుంటది. ఆప్‌కు 48 మంది కావాలె, మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కు పోకుంటే మొత్తం 24 రౌండ్లే. రౌండ్ గెలిస్తే వచ్చే 3250తోని కూడా కొత్త ఆప్ రాదు. పైగా మీరు చస్తే అది కింద పడతది, అవతలోడు ఫ్రీగ ఎత్తుకొని మీ మీదనే తిప్పుతడు. అందుకే రౌండ్ పోయిందని తెలిసినప్పుడు గన్ను దాచుకొని బయటపడుడు పిరికితనం కాదు. ఒక్కణ్ని చంపి చచ్చేకన్నా అదే లాభం. క్యాంపర్ అని తిట్టే ఫ్రెండుకు ఈ లెక్క చెప్పండి. 2022 నవంబర్‌లో మ్యాగజైన్‌లో గుండ్లు కూడా 10 నుంచి 5కు తగ్గించిన్రు, ఇగ పొగలోకి ఊకె గుండ్లు పారేసుడు బంద్.

అటాక్ సైడ్. ఇక్కడ కానిస్టేబుల్ పిల్లర్ వదిలి ముందుకు రావాలె. టెర్రరిస్ట్ సైడ్‌ల మూలకు కూసుంటే టైమ్ మీకు ఎదురు తిరుగుతది. బయటికి వచ్చేటోడికి నెట్ ఆలస్యం వల్ల కొంచెం లాభం ఉంటది, నిలబడ్డోడికన్నా వాడికి ముందు కనబడతది. పింగ్ (ఆ నెట్ ఆలస్యం) పెరిగేకొద్ది ఆ తేడా ఇంకా పెరుగుతది. మనకు చెన్నై, ముంబై సర్వర్లు ఉండంగ సింగపూర్‌ల ఆడి "లాగ్ భయ్యా" అని ఏడ్వకండి. ఒంటరిగ తొంగి చూడకండి, టీమ్‌మేట్‌తోని కండ్లు కనబడకుండ చేసే ఫ్లాష్ వేయించుకొని అది పేలంగనే బయటికి రండి.

కాళ్లకు కొట్టకండి, 85 పైచిలుకే పోతది, చావడు. ఛాతీ, పొట్ట ఎక్కడ తగిలినా ఒక్క గుండే. కాబట్టి తల కోసం ఎగబడేది లేదు, ఛాతీ ఎత్తున పెట్టండి, పైకి కొంచెం తప్పినా తలకు తగులుతది.

పైసల్ లేకుంటే స్కౌట్ అనే చవక స్నైపర్ గన్ను, 1700. దాంతోని ఆర్మర్ ఉన్నోడు తలకు తగిలితేనే ఒక్క గుండుకు చస్తడు, కానీ 230 స్పీడుతో తిరగచ్చు. దాని మీద వేరే వీడియో చేస్తా, ఇందులో పట్టదు.

మౌస్ సెన్సిటివిటీ ఎంత పెట్టుకోవాలె అని అడిగేటోళ్లకు: మీకు అలవాటైంది ఏదో అదే ఉంచండి, వారానికోసారి మార్చకండి. కేఫ్‌ల ఆడేటోళ్లు సీట్‌ల కూసోంగనే ముందుగాల మౌస్ డీపీఐ (మౌస్ ఎంత స్పీడుగ కదులుతదో ఆ సెట్టింగు) చూసుకోండి, ముందు ఆడినోడు ఏం పెట్టి పోయిండో తెల్వదు. లెఫ్ట్ క్లిక్ ఒకటి నొక్కితే రెండు పడుతుంటే సీటు మార్పించుకోండి. లాంగ్ డోర్స్‌ది ఖాళీ వదిలే రీప్లే స్లో మోషన్‌ల కింద పెట్టిన, మిరాజ్ మ్యాప్‌ల విండోది ఎవరన్న అడిగితే అది కూడా పెడతా. ఉంటా మరి.