టైపింగ్ అని కనిపించి ఆగిపోయే విద్యార్థి
నమస్కారం. పర్లాకిమిడిలో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతున్న నేను, ఈ వీడియోలో రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌లో నడిపే చర్చ గురించి మాట్లాడతాను.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా పట్టణం ఇటువైపు వచ్చింది కనుక, మా తెలుగు పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. సందేహం ఏ భాషలో అడగాలో తేల్చుకునేలోపే గంట కొట్టేస్తారు.

నా మొదటి ప్రయత్నం చెడిపోయింది. అరవై మందిని ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చి "సందేహాలుంటే అడగండి" అన్నాను. వచ్చినవి "ఓకే సార్", "గుడ్ నైట్ సార్", రెండు గులాబీ బొమ్మలు. దేని గురించి మాట్లాడాలో చెప్పకపోవడం నా తప్పే.

తర్వాత ఆరుగురేసి చొప్పున విడగొట్టి, నలభై నిమిషాల గడువు పెట్టి, ఒక్క ప్రశ్న ఇచ్చాను: ఉప్పు ధర రెట్టింపైతే మీ ఇంట్లో వాడకం తగ్గుతుందా, మరి జీడిపప్పు ధర రెట్టింపైతే? తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి పేరు పక్కన "టైపింగ్" అని కనిపించింది, ఆగింది, మళ్ళీ కనిపించింది. నాలుగోసారికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాక్యం వచ్చింది: "ఉప్పు మానలేం సార్, పాయసంలో జీడిపప్పు మానేస్తాం, పెళ్ళికైతే మానం." ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే డిమాండ్ వ్యాకోచత్వం గురించి నేను మర్నాడు చెప్పబోయే పాఠంలో సగం ఆమే చెప్పేసింది, పెళ్ళి మాట నా నోట్సులో లేనే లేదు.

1973లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో కంప్యూటర్ వ్యవస్థలో టాకోమాటిక్ అనే చాట్ కార్యక్రమం ఉండేది. అందులో ఐదుగురు ఒకేసారి మాట్లాడుకోవచ్చు, కానీ ఎవరు ఏ అక్షరం కొట్టినా అప్పటికప్పుడే మిగిలినవారికి కనిపించేది. మా తరగతి అమ్మాయి అందులో ఒక్క అక్షరమైనా కొట్టేదా అని నాకు అనుమానమే. రాసి, చెరిపి, దిద్దుకొని పంపగలగడమే ఆమెకు ధైర్యమిచ్చింది.

ఆన్‌లైన్ చర్చ ద్వారా నేర్చుకోవడానికి ఆలోచన, పరస్పర పరిచయం, బోధకుని ఉనికి మూడూ కావాలని 2000లో గ్యారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. వీటిలో మనం ముందుగా మరిచేది మూడోదే: గ్రూపు పెట్టేసి భోజనానికి వెళ్ళిపోతాం. నేను మాత్రం చివరి ఐదు నిమిషాల్లో వాళ్ళ మాటలనే మూడు వాక్యాలుగా ఇంగ్లీషులో కూర్చి పెడతాను, ఎందుకంటే పరీక్షలో రాయవలసింది ఆ భాషలోనే. కొండ ఊళ్ళలో సిగ్నల్ అందని పిల్లల కోసం గ్రూపును తెల్లవారేదాకా తెరిచే ఉంచుతాను.

డిమాండ్ రేఖ దగ్గరకు వచ్చేసరికి చాట్ పనికిరాలేదు. దాన్ని ఇప్పటికీ సుద్దముక్కతో బోర్డు మీదే గీస్తున్నాను.