టెస్టరులో వెలుగు: నెమ్మదిగా వచ్చే అయాను చేసే పని

నమస్కారం. నా చేతిలో ఉన్నది కరెంటు టెస్టరు. కావలిలో ఇది లేని ఇల్లు అరుదు. ఫేజు రంధ్రంలో పెట్టి వెనక టోపీ మీద వేలు ఆనిస్తే, ఇదిగో, నారింజ రంగు వెలుగు.

లోపల చిన్న గాజు బుడ్డి, అందులో నియాన్ వాయువు, రెండు లోహపు కడ్డీలు. ఫిలమెంటు లేదు, కడ్డీని కాల్చేదేమీ లేదు. మరి వాయువును వెలిగించే ఎలక్ట్రాన్లు ఎక్కడివి? చాలావరకు, నియాన్ అయాన్లు (ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న పరమాణువులు) వచ్చి రుణ కడ్డీని తాకినప్పుడు బయటపడినవే.

రాయి విసిరితే మామిడికాయ రాలినట్టు అనుకుంటున్నారా? నేనూ కొన్నేళ్లు క్లాసులో అలాగే చెప్పాను, తప్పు! నియాన్ అయాను ఎలక్ట్రాను కన్నా సుమారు 37 వేల రెట్లు బరువు. చీమకుర్తి గ్రానైటు లారీ మెల్లగా వచ్చి దారిలో ఉన్న ఆవగింజను తాకినా, గింజకు లారీ వేగానికి రెట్టింపు మించి రాదు. నెమ్మదిగా వచ్చే అయాను గుద్దుడుకు అంత బలం లేదు.

బలం అయానులోని ఖాళీది. మన దొరువుల దగ్గర ఏతం గుర్తు తెచ్చుకోండి: మాను ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది. లోహంలోని ఒక ఎలక్ట్రాను అయానులోని ఖాళీలోకి దిగుతుంది, ఆ శక్తి అందుకుని పక్క ఎలక్ట్రాను లేస్తుంది.

లెక్క చూద్దాం. నియాన్ అయనీకరణ శక్తి, అంటే పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రానును ఊడదీయడానికి కావలసిన శక్తి, 21.6 ఎలక్ట్రాన్ వోల్టులు (ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే చిన్న కొలత). లోహం టంగ్‌స్టన్ అనుకుంటే పని ప్రమేయం, అంటే లోహం నుంచి ఒక ఎలక్ట్రానును బయటికి లాగడానికి కావలసిన శక్తి, 4.5. దిగేదానికీ లేచేదానికీ కలిపి రెండుసార్లు తీసేయాలి, అంటే 9. మిగిలింది 12.6. ఎలక్ట్రాను దర్జాగా బయటికి వస్తుంది. సీజియం అయానుకు ఉన్నది 3.9 మాత్రమే. ఎంత బరువైతేనేం, నెమ్మదిగా వస్తే ఒక్కదాన్నీ లేపలేదు.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో హాగ్‌స్ట్రమ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1954లో ఈ సిద్ధాంతాన్ని వివరించాడు. శుభ్రమైన టంగ్‌స్టన్ మీద హీలియం అయాన్లు సుమారు నాలుగు పడితే ఒక ఎలక్ట్రాను బయటికి వస్తుంది. అయాను శక్తిని 10 నుంచి 1000 ఎలక్ట్రాన్ వోల్టులకు పెంచినా ఆ లెక్క పెద్దగా మారదు. బలం గుద్దుడుది కాదనడానికి నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం ఇదే. లేచినవన్నీ బయటపడవు. లోపలి వైపు వెళ్లినవి లోహంలోనే తిరిగి చల్లారతాయి.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను. వెలుగు రుణ కడ్డీ చుట్టూనే ఉండాలి కదా, రెండూ ఎందుకు వెలుగుతున్నాయి? ఇంటి కరెంటు ఏసీ కాబట్టి. సెకనుకు 100 సార్లు అవి వంతులు మార్చుకుంటున్నాయి.